గెనిమ మీద చక్రవర్తి

50, 25, మళ్లా 25. కూడితే 100. ఒకటో తరగతి పిల్లోడు వేళ్లు మడిచి చెప్పే లెక్క. ఆ లెక్క నాకు దొరికిన రాత్రి, తిరుపతి కొర్లగుంటలో మా ఇంటి హాల్లో, అందరూ నిద్రపోయినాక లాప్‌టాప్ ముందు ఒక్కణ్ణే లేచి నిలబడి పిడికిళ్లు బిగించాను. నా రాజ్యంలో యుద్ధమంటే విసుక్కునేవాడు ఒక్కడు కూడా మిగల్లేదు. ఇంక ఎవరి మీదికైనా, ఎంత కాలమైనా దండెత్తొచ్చు. అప్పటికి నాకు నలభై దాటాయి. కరెంటు బిల్లు కట్టడం మరిచిపోయిన నెల అది.

ఆట పేరు సివిలైజేషన్. 1991లో సిడ్ మేయర్, బ్రూస్ షెల్లీ అనే ఇద్దరు అమెరికాలో తయారుచేశారు. నన్ను పట్టుకున్నది దాని నాలుగో భాగం. 2005లో వచ్చింది, సోరెన్ జాన్సన్ దాని రూపకర్త. క్రీ.పూ. 4000లో ఒక ఊరు కట్టుకుని మొదలుపెడతాం. క్రీ.శ. 2050 దాకా మనమే రాజు. మధ్యలో చావు లేదు, ముసలితనం లేదు. ఊళ్లలో జనం ఉంటారు. వాళ్ల మనసు తెలియడానికి రెండు రకాల ముఖాలు చూపిస్తారు, పసుపురంగు నవ్వుముఖం, ఎర్రరంగు కోపముఖం. ఎర్రముఖాలు నవ్వుముఖాలను మించితే, మించినంత మంది పని మానేసి కూర్చుంటారు. పని మానినా తిండి మానరు, టర్న్‌కు ఒక్కొక్కరికి రెండు పాళ్లు పెట్టాల్సిందే. ఆ ఎర్రముఖాలంటే నాకు ఒళ్లుమంట. నేను కట్టిన ఊళ్లో ఉంటూ, నా గోధుమలు తింటూ, నా మీదే మూతి ముడుచుకునేదేంది?

కోపానికి కారణాలు చాలా పెట్టారు ఆటలో. ఊరు కిక్కిరిస్తే కోపం, కొరడా పట్టి పని చేయిస్తే కోపం. అన్నిటికంటే మొండిది యుద్ధ విసుగు. పరాయి గడ్డ మీద పోట్లాట జరిగిన ప్రతిసారీ అది కొంచెం కొంచెంగా పేరుకుంటుంది. ఏ శత్రువు మీద పుట్టిన విసుగు ఆ శత్రువు ఖాతాలోనే ఉంటుంది, సంధి చేసుకుంటే నిదానంగా కరుగుతుంది. ఊరు ఎంత పెద్దదైతే అక్కడ అంత ఎక్కువ మంది ముఖాలు ఎర్రబడతాయి. సొంత గడ్డ మీద నిలబడి కాచుకునే పోరులో మాత్రం విసుగు లేదు. ఈ చివరి సూత్రాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి, నా బుర్ర పాడైంది అక్కడే.

ఇవన్నీ ఎందుకు పెట్టారో ఆటను పైపైన చూసినవాడికైనా అర్థమవుతుంది. యుద్ధం చేసి రాజ్యాలు మింగడం ఈ ఆటల్లో ఎప్పుడూ లాభసాటి బేరమే, దానికి ఒక బ్రేకు కావాలి. 1991 నాటి మొదటి ఆటలో ప్రజాస్వామ్యం పెట్టుకుంటే ఊరు దాటి బయటికి పోయిన ఒక్కో దండుకు ఇద్దరు ప్రజల ముఖాలు మాడిపోయేవి, రాజు వద్దన్నా సెనేటే సంధి కుదిర్చేది. 2010లో వచ్చిన అయిదో ఆటలో యుద్ధ విసుగును ఎత్తేసి రాజ్యమంతటికీ ఒకే సంతోషపు లెక్క పెట్టారు. 2016లో ఆరో ఆటకు మళ్లా తెచ్చి పెట్టుకున్నారు. ఆట తయారుచేసేవాళ్లకు కూడా అది తేలని లెక్క అన్నమాట. ఎక్కువ పెడితే యుద్ధమే జరగదు, తక్కువ పెడితే యుద్ధం తప్ప ఇంకేమీ జరగదు.

నాకు మాత్రం తేలిపోయింది. నాలుగో ఆటలో ‘పోలీస్ స్టేట్’ అనే పరిపాలన ఎంచుకుంటే యుద్ధ విసుగు 50 శాతం తగ్గుతుంది. ఊళ్లో జైలు కడితే ఆ ఊళ్లో ఇంకో 25. మౌంట్ రష్‌మోర్ అనే అద్భుతాన్ని, అంటే కొండకు తాతల ముఖాలు చెక్కిన ఆ కట్టడాన్ని, కడితే రాజ్యమంతా మరో 25. అదీ నా 100. అది అందేలోపల చిల్లర వైద్యాలున్నాయి. గుడి కడితే ఒక నవ్వుముఖం. పట్టు, చక్కెర, సాంబ్రాణి దొరికే నేలలు మన చేతిలో ఉంటే ఒక్కోదానికి ఒక్కో నవ్వుముఖం. థియేటర్ కట్టి ఖజానాలోంచి కళలకు పదిశాతం మళ్లిస్తే ఇంకొకటి. వంశపాలన పెట్టుకుంటే ఊళ్లో నిలబెట్టిన ఒక్కో సిపాయికి ఒక్కో నవ్వు, కత్తి చూసి నవ్వే జనం. అన్నిటికంటే ఘోరమైనది బానిసత్వం. ఎర్రముఖాల వాళ్లనే కొరడాకు బలిచ్చి గోడలు, గుడులు లేపుకోవచ్చు, తలకు 30 పాళ్ల పని. పది టర్న్‌ల పాటు ఆ ఊరికి మన మీద ఒక కోపం మిగులుతుంది గానీ, కోపంగా ఉన్నవాళ్లే పోయాక మొత్తం మీద ఎర్రముఖాలు తగ్గుతాయి. ఈ సూక్ష్మం నేను ఆఫీసులో ఒక కుర్రాడికి చెబితే వాడు నా వైపు ఒక రకంగా చూశాడు. పాపం, తెలివి చాలదనుకున్నాను.

భారతదేశానికి ఆ ఆటలో ఇద్దరు నాయకులు, గాంధీ, అశోకుడు. గాంధీని పెట్టుకుని దండెత్తితే పాపం తగులుతుందని అశోకుణ్ణి ఎంచుకునేవాణ్ణి. కళింగ యుద్ధం చేసినాయనే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా. ఆ తర్వాత ఆయన ఏమన్నాడన్నది ఆ సమయానికి గుర్తుకొచ్చేది కాదు. అశోకుడిగా నేను పక్కనున్న మాలీ రాజు మన్సా మూసాను ఊరికి ఊరు మింగాను. వాడికి బంగారం ఉంది, నాకు విసుగు లేదు.

అదే కాలంలో నాకు ఇంకో యుద్ధం నడుస్తా ఉండేది.

మాది దామలచెరువు పక్కన ఒక పల్లె. మా నాయన, చిన్నాయన పంచుకున్న మామిడి తోపు అక్కడుంది. మధ్యలో గెనిమ. గెనిమను ఆనుకుని ఒక వరస తోతాపురి చెట్లు. నాయన ఉన్నన్నాళ్లూ ఆ వరస కాయలు మేమే కోసుకున్నాం. నాయన పోయిన మరుసటేడు చిన్నాయన మనుషులను పెట్టి కోయించాడు. తిరుపతి నుంచి ఫోన్లో అరిచాను. ఆయన అరవలేదు. “అబ్బయ్యా, ఒగపూట ఇంటికి రా. సంగటి తిని మాట్లాడుకుందాం” అన్నాడు. నేను పల్లెకు పోలేదు, చిత్తూరులో లాయరు దగ్గరికి పోయాను.

లాయరు ముందు కూర్చుని నేను చెప్పిన మొదటి విషయం తోపు కొలతలు కాదు. 1740 మే 20న దామలచెరువు కనుమలోనే రఘూజీ భోంస్లే మరాఠా సైన్యం ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్ను చంపిందని, మా నేలకు యుద్ధం కొత్త కాదని చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, “అడంగల్ కాపీ తెచ్చినారా?” అని అడిగాడు. దామలచెరువు అంటే ఇప్పుడు అందరికీ మామిడికాయల మండీ. నవాబు సంగతి అడిగే నాథుడు లేడు, నేను తప్ప.

కేసు నడిచే కొద్దీ ఇంట్లో ముఖాలు మారతాయని నాకు ముందే తెలుసు. తెలియకేం, దాని మీదే కదా నా పాండిత్యం. ముందు జాగ్రత్తలు తీసుకున్నాను. వాయిదా ఉన్న వారంలో మా ఆవిణ్ణి తిరుచానూరుకో శ్రీకాళహస్తికో తీసుకుపోయేవాణ్ణి. లాయరు ఫీజు కట్టిన నెలలో వెంకటగిరి చీర. పాపకు సినిమా. ఇంటికి వచ్చేటప్పుడు మైసూరుపాకు. గుడి, పట్టు, థియేటర్, చక్కెర. ఒక్కో దాన్ని ఇంట్లోకి తెచ్చేటప్పుడు లోపల ఒక నవ్వుముఖం కూడుకునేవాణ్ణి. పైకి మంచి మొగుడినే. చుట్టాల్లో నాకు పేరు కూడా వచ్చింది.

చీరలు చాలక పోయేసరికి పెద్ద వైద్యానికి దిగాను. మా వంశంవాళ్ల వాట్సాప్ గ్రూపులో, పెళ్లిరోజుల శుభాకాంక్షల మధ్య, ఎవరో “తోపు సంగతి కూర్చుని తేల్చుకోండప్పా” అని పెట్టారు. గ్రూపుకు అడ్మిన్‌ను నేను. ఆ రాత్రే అడ్మిన్లు తప్ప ఎవ్వరూ రాయకుండా తాళం వేశాను. అన్నం దగ్గర కేసు మాట ఎత్తకూడదని ఇంట్లో చట్టం చేశాను, ఎత్తినవాళ్ల ముందు నుంచి నేను కంచం వదిలి లేచిపోయేవాణ్ణి. ఇంక మూడోది. నాయన ఫొటో చిన్నది బీరువా పైన ఉండేది. దాన్ని నిలువెత్తు పటం చేయించి, హాల్లో టీవీ పైన పెట్టి, చుట్టూ సీరియల్ లైట్లు తగిలించి, కేసు గురించి ఎవరైనా నసిగితే పటం వైపు చెయ్యి చూపించడం మొదలుపెట్టాను. “ఇది నాయన ఆస్తి. నా కోసమా చేస్తాండేది?”

పోలీసు, జైలు, కొండకు చెక్కిన తాత ముఖం. ఈ వరస నేను కావాలని కూర్చుకున్నది కాదు, అది ఇంకా సిగ్గుచేటు. చేతులు వాటంతట అవే ఆ పని చేశాయి. ఇల్లు నిశ్శబ్దమైపోయింది. నిశ్శబ్దం చూసి గెలిచాననుకున్నాను.

పాప డిగ్రీ అయిపోయి చెన్నైలో ఉద్యోగమని హాస్టలుకు పోయింది. పోయే ముందు రోజు “నాయనా, చిన్నతాత వాళ్లింటికి నన్ను ఎప్పుడైనా పోనిస్తావా?” అని అడిగింది. చట్టం ప్రకారం నేను కంచం వదిలి లేచాను. పాప పోయిన తర్వాత అన్నాల దగ్గర ప్రశ్నలు తగ్గాయి. తగ్గినాయని నేను సంతోషించాను. రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, ఉన్న మాట అది. తలకు 30 పాళ్లు అని పైన చెప్పానే, ఆ సూక్ష్మం.

మా అమ్మ పల్లెలోనే ఉండేది, చిన్నాయన ఇంటి గోడకు గోడ. సొంత గడ్డ మీద కాచుకునే పోరులో విసుగు ఉండదని సూత్రం కదా. ఆ చెట్ల వరస మన గడ్డ అనుకున్నప్పుడు నేను చేసేది కాచుకునే పోరు, కాబట్టి మావాళ్లకు విసుగు రాకూడదు, ఇదీ నా తర్కం. ఎవరి గడ్డ అన్నదే కదా తగాదా అని అప్పట్లో ఎవరైనా అడిగి ఉంటే లెక్క చూపించి నోరు మూయించేవాణ్ణి. అమ్మకు ఈ లెక్కలేవీ తెలియవు. అంతవరకూ ఆమె రోలు తిప్పితే ఊరుబిండి సగం గిన్నె గోడ అవతలికి పోయేది, చిన్నమ్మ పచ్చిపులుసు చేస్తే గిన్నెడు ఇవతలికి వచ్చేది. నోటీసు అందిన పొద్దున్నుంచి గిన్నెలు ఆగిపోయాయి. పెద్ద వయసులో ఆమెకు మాట్లాడే తోడు అదొక్కటే. ఫోన్లో “ఎట్లుండావమ్మా” అంటే “బాగానే ఉండా” అనేది. నేను బాగానే ఉందని రాసుకునేవాణ్ణి.

చరిత్ర పుస్తకాలు చదివే అలవాటు కూడా నన్ను కాపాడలేదు, చెడగొట్టింది. హైదరాలీ ప్రాణం పోయింది మా చిత్తూరు దగ్గరేనని చాలామందికి తెలియదు. 1780 జూలైలో ఆయన కనుమలు దిగి ఆర్కాటు సీమ మీద పడ్డాడు. ఆ ఏడాది తిరక్కుండానే ఆర్కాటు కోట పట్టుకున్నాడు. ఊళ్లు తగలబడ్డాయి, జనం మూటాముల్లే కట్టుకుని మద్రాసు వైపు పరుగెత్తారు, 1782 నాటికి మద్రాసులో కరువు. ఆ ఏడు డిసెంబరు 7న, చిత్తూరు దగ్గర నరసింగరాయనిపేట దండులో, వీపు మీద రాచపుండుతో హైదరాలీ చనిపోయాడు. కొడుకు టిప్పు అప్పుడు పడమటి తీరంలో ఉన్నాడు. అతను వచ్చి చేరేదాకా సైన్యానికి చావు కబురు పొక్కనివ్వలేదు. శవాన్ని పెట్టెలో పెట్టి, ఖజానా పోతా ఉందని నమ్మించి కోలారుకు పంపించారు. రాజు పోయినా యుద్ధం ఇంకో ఏడాదికి పైగా నడిచింది. 1784 మార్చి 11న మంగళూరులో ఒప్పందం రాసుకుని, యుద్ధంలో పట్టుకున్నవి ఎవరివి వాళ్లకు తిరిగి ఇచ్చేసుకున్నారు. నాలుగేళ్ల తర్వాత గెనిమ పాత చోటనే ఉంది.

ఇంత చదివి నేను పట్టుకున్న నీతి ఏంటంటే, చెడ్డ కబురు పొక్కకుండా దాచగలిగితే యుద్ధం నడుపుకోవచ్చు అని! మంగళూరు దగ్గర పేజీ తిప్పేశాను, పెట్టె దగ్గర పెన్సిలుతో గీత గీసుకున్నాను. ఆ తర్వాతే మా ఆవిడ గాజులు బ్యాంకు లాకర్లో పెడతానని తీసుకుపోయి కుదువపెట్టి లాయరుకు కట్టాను. ఆమెకు తెలిసింది, ఎట్లా తెలియకుండా పోతుంది. అరవలేదు. “ఇంగ చాలు” అని వంటింట్లోకి పోయింది. ఆ రెండు మాటలను నేను ఎర్రముఖంగా లెక్కపెట్టలేదు. గొంతు పెరగలేదు కదా!

మధ్యలో చిన్నాయన ఒకసారి కబురు పెట్టాడు. “కోర్టులెందుకు అబ్బయ్యా, కాణిపాకం పోదాం. కోనేట్లో మునిగి వినాయకుడి ముందర వరస నీదేనని చెప్పు. కాయలే కాదు, చెట్లు కూడా నీకే రాసిచ్చేస్తా.” కాణిపాకం స్వామి ముందు అబద్ధపు ప్రమాణం చేయడానికి మా సీమలో ఎంతటివాడికైనా కాళ్లు వణుకుతాయి. ఎన్నో తగాదాలు కోర్టు గడప తొక్కకుండా ఆ కోనేటి గట్టు మీదే తెగిపోతాయి. నేను పెద్దగా నవ్వాను. “ఈ కాలంలో కూడా ప్రమాణాలేంది చిన్నాయనా, నేను చదువుకున్నోణ్ణి, కాగితాలు మాట్లాడాల” అన్నాను. హేతువాదిని అయిపోయాను, ఆ ఒక్క సాయంత్రానికి. ముందు వారమే శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించినవాణ్ణి.

ఎందుకు పోలేదో చెబుతాను. నాయన పోవడానికి కొన్నాళ్ల ముందు, ఆసుపత్రి మంచం మీద, నన్ను దగ్గరికి పిలిచి చెప్పాడు. “గెనిమ కాడ వరస చిన్నోడిదిరా. బోరు నీళ్లు మనవి పారతాండాయని వాడే కోసుకోమన్నాడు. నేను పోయినాక వాడికి చెప్పి ఇచ్చేయి.” పక్కన ఎవరూ లేరు. సరే నాయనా అన్నాను. అంటే నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. ఫోన్లో అరిచినప్పుడు తెలుసు, లాయరుకు దోస్త్ అలీ ఖాన్ కథ చెప్పినప్పుడు తెలుసు, ఆ నాయననే నిలువెత్తు పటం కట్టించి సీరియల్ లైట్లు తగిలించినప్పుడు బాగా తెలుసు. మరి ఎందుకు చేశావంటే, చిన్నాయన నన్ను అడగకుండా మనుషులను పెట్టి కోయించడం నాకు అవమానం అనిపించింది. తనవే తను కోసుకున్నాడు పాపం. మొదలుపెట్టాక ఎందుకు ఆపలేదంటే, ఆపాల్సిన అవసరం కనిపించలేదు. మావాళ్ల విసుగును నేను చక్కగా సంభాళిస్తూ ఉన్నాను కదా.

ఆటలో కూడా నా తప్పు అదే. విసుగు అనేది యుద్ధం ఆపమని చెప్పడానికి పెట్టిన గంట. నేను దాన్ని కారుతున్న కొళాయి అనుకుని వాషర్లు మారుస్తూ కూర్చున్నాను. ఎర్రముఖం కనిపించినప్పుడల్లా ‘దీన్ని ఎట్లా తగ్గించాలి’ అన్నానే తప్ప ‘మన్సా మూసా నాకేం చేశాడు’ అని ఒక్కసారి కూడా అనుకోలేదు.

విసుగు పూర్తిగా తుడవడం కుదరని ఆట కూడా ఒకటి నా చేతికి వచ్చింది. యూరోపా యూనివర్సాలిస్ నాలుగోది, 2013 నాటిది. 1444 నవంబరు 11న మొదలవుతుంది, విజయనగరాన్ని మనమే ఏలుకోవచ్చు. అందులో యుద్ధ బడలిక 20 దాకా ఎక్కుతుంది. దౌత్యపు పాయింట్లు 75 ఖర్చుపెడితే 2 తగ్గుతుంది. ఇంకో మెలిక ఉంది. న్యాయమైన సంధికి వీలుండి కూడా రాజు మొండికేస్తే, సంధి చేసుకోమని జనం గోల మొదలై, నెల నెలా బడలిక దానంతటదే పెరుగుతుంది. నాకు ఆ ఆట నచ్చలేదు. అన్యాయంగా ఉందనిపించి తీసేశాను.

తిరుపతి గంగమ్మ జాతర మే నెలలో వస్తుంది. తాతయ్యగుంట గంగమ్మ వెంకటేశ్వరస్వామి చెల్లెలని, తిరుమల నుంచి పుట్టింటి సారె వస్తుందని అందరికీ తెలిసిందే. చాటింపు వేసిన నాటి నుంచి ఊరంతా వేషాలు, బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, సున్నపుకుండలు. ఆడవాళ్లను చెరిచే పాలెగాడు దాక్కుంటే వాణ్ణి బయటికి లాగడానికి గంగమ్మ రోజుకో వేషం కట్టి తిరిగిందని, చివరికి దొర వేషం చూసి వాడు బయటికి వస్తే తల నరికిందని కథ. వేషం కట్టినవాడు జాతర రోజుల్లో ఎవరినైనా బూతులు తిట్టొచ్చు. తిట్టించుకున్నవాడు కోప్పడకూడదు. ఎంత పెద్దమనిషైనా సరే. రాజ్యాన్ని, రాజును కలిపి తిట్టడానికి జనానికి ఊరే ఒక వారం ఇచ్చేసింది. సివిలైజేషన్‌లో గుడి ఉంది, థియేటర్ ఉంది, జైలు ఉంది, జాతర లేదు.

ఆ ఏడు బండ వేషం రోజున ఒళ్లంతా కుంకుమ పూసుకున్న కుర్రాడొకడు మా గేటు ముందు నిలబడ్డాడు. వేషంలో పోల్చుకోలేదు గానీ గొంతు చిన్నాయన మనవడిది, తిరుపతిలోనే చదువుకుంటున్నాడు. మొదలుపెట్టాడు. అచ్చు వేయదగినంత మటుకు చెబుతాను. “చచ్చిన నాయన పటానికి లైట్లేసి బతికిన చిన్నాయన చెట్టు కోసే దొంగనాయాలా, గెనిమ మింగినావు, గాజులు మింగినావు, ఇంగ మిగిలిందేందిరా, గంగమ్మనా?” వీధి వీధంతా వింటోంది. కోప్పడకూడదు. నేను నిలబడి ఉన్నాను, చెవులు మండుతున్నాయి. గాజుల సంగతి వీడికెట్లా తెలిసింది?

వెనక నుంచి నవ్వు వినిపించింది. మా ఆవిడ. గడపకు ఆనుకుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుతోంది. ఆమె అట్లా నవ్వి ఎంత కాలమైందో నాకు గుర్తులేదు. లోపలికి పోయి చెంబు నిండా అంబలి తెచ్చి వాడి చేతికిచ్చి, నోటు ఒకటి చేతిలో పెట్టి, “బాగా తిట్నావు నాయనా, ఇంగొంచెం తిట్టిపో” అంది. వాడు తిట్టాడు. నేను మొత్తం విన్నాను. వాట్సాప్ తాళం వేసినప్పటి నుంచి ఆడవాళ్లంతా నాకు తెలియకుండా ఇంకో గ్రూపు పెట్టుకున్నారని, అమ్మ, చిన్నమ్మ, మా ఆవిడ, చెన్నై నుంచి పాప అందరూ అందులోనే ఉన్నారని ఆ రాత్రి తెలిసింది. గిన్నెలు కూడా పెరటి గోడ మీదుగా ఎప్పుడో మళ్లా మొదలయ్యాయట. రాజ్యం మొత్తం శత్రువుతో సంధి చేసుకుని ఉంది, చక్రవర్తికి తప్ప అందరికీ తెలుసు.

ఇంత జరిగినా బుద్ధి వచ్చి ఆపానని అనుకోకండి. ఆపింది మామిడికాయ. ఆ వేసవి, 2025లో, తోతాపురి ధర చిత్తూరు సీమంతా కుప్పకూలింది. గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, కలిపి 12 ఇవ్వాలని తేల్చారు. ఆ ధరకు అమ్ముకోవడానికే ట్రాక్టర్లు రోజుల తరబడి క్యూలో నిలబడ్డాయి. కోత కూలి, బాడుగ పోను చేతికి ఏమొస్తుందో లెక్క వేశాను, లెక్కల్లో నేను గట్టివాణ్ణే కదా. ఆ వరస కాయలు ఒక వాయిదాకు కూడా చాలవు. అప్పుడు లాయరుకు ఫోన్ చేసి రాజీ అన్నాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

లోక్ అదాలత్‌లో రాజీ అయితే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు కూడా వెనక్కి వస్తుంది. ఫీజు వెనక్కి వస్తుందన్న మాట నాకు బాగా నచ్చింది. వరస చిన్నాయనకు వదిలేసినట్టు, బోరు నీళ్లు ఇద్దరూ వాడుకునేటట్టు రాసుకున్నాం. కుటుంబ శాంతి కోసం ఇరుపక్షాలూ సమ్మతించాయని కాగితంలో ఉంది. చిన్నాయన అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, లాయరు వైపు తిరిగి, “వరస మొదట్నించి ఎవురిదో అది ఏడ రాసినారు సామీ?” అని అడిగాడు. అది అక్కర్లేదండీ, రాజీలో అవన్నీ రాయరు అన్నాడు లాయరు. చిన్నాయన నా వైపు చూశాడు. నేను గమ్మునున్నాను. ఆయన సంతకం చేసి, బయట టీ ఇప్పించి, “అబ్బయ్యా, చానా చిక్కిపోయినావు” అన్నాడు.

అశోకుడి మాట మధ్యలో వదిలేశాను. కళింగలో లక్ష మంది చచ్చారని, లక్షా యాభై వేల మందిని ఊళ్లు విడిపించి తరలించారని, అది తలుచుకుని బాధపడుతున్నానని ఆయన చెప్పుకున్నది పదమూడో శిలాశాసనంలో. మన రాయలసీమలోనే, కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా అది ఉంది. కళింగలో ధౌలి, జౌగడ దగ్గర కూడా ఆయన రాళ్ల మీద శాసనాలు చెక్కించాడు, కానీ ఈ పదమూడోది అక్కడ చెక్కించలేదు. ఎవరిని చంపాడో వాళ్లకు తప్ప మిగతా అందరికీ చెప్పుకున్నాడు. ఆ సంగతి చదివినప్పుడు, ఇన్నేళ్లు ఆయన పేరుతో ఆడినందుకు మొదటిసారి ఆ మనిషి నాకు దగ్గరివాడు అనిపించాడు.

నేను కూడా ఆసుపత్రిలో నాయన చెప్పిన మాట మా ఆవిడకు చెప్పాను. పాపకు చెప్పాను. ఇదిగో, మీకూ చెప్పాను. చిన్నాయన పత్రికలు చదవడు. ఆయన పల్లెకు ఈ పత్రిక రాదు. అది కనుక్కున్నాకే రాయడానికి కూర్చున్నాను.